అచ్చం ఎండలాంటి దీపం

జనవరి 6

మిద్దె మీది కుండీలన్నీ ఈరోజు వెళ్ళిపోయాయి. మరదలు ఎవరిదో వ్యాను తెచ్చి ఎక్కించుకుపోయింది. మా ఆవిడ మెట్ల దగ్గర నీడలో నిలబడి ఒక్కో కుండీకి ఒక్కో జాగ్రత్త చెప్పింది. దీనికి నీళ్ళు తక్కువ, దానికి పొద్దున్నే పొయ్యాలి, ఈ పుదీనాను వేరే వాటి పక్కన పెట్టకు, మొత్తం ఆక్రమించుకుంటుంది. పిల్లల్ని హాస్టలుకు పంపుతున్న తల్లిలా ఉంది. మాకు పిల్లలు లేరు. అయినా ఆ పోలికే తోచింది, రాశాను.

ఎండ ఆమెకు పడదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. చర్మం మీద మొదలై కీళ్ళకు పాకిన జబ్బు. ఇంకోసారి తిరగబెడితే కిడ్నీల మీదికి పోవచ్చట. గుమ్మం బయటి ఎండే కాదు, కిటికీలోంచి వచ్చేది కూడా వద్దంది. అందుకని నేను పనిచేసే నాటకాల హాల్లో పాత నల్ల తెరలు అడిగి తెచ్చి కిటికీలన్నిటికీ వేశాను. స్టేజీ మీద చీకటి కావలసినప్పుడు దింపే తెరలవి. ఇల్లంతా ఇప్పుడు నాటకం మొదలయ్యే ముందు హాలులా ఉంది. మొదలవడం మాత్రం లేదు.

నిమ్మ మొక్కను మాత్రం ఇవ్వనంది. గింజ నాటి పెంచుకున్నది. "అది నాతోనే ఉంటుంది. దానికీ నాకూ ఒకటే శిక్ష," అంది. నేను వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెట్టాను.

జనవరి 9

నిమ్మ ఆకులు రాలుస్తోంది. రాలినవాటిని ఆమె కిటికీ గట్టు మీద వరసగా పేర్చింది. పారేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

జనవరి 12

నేను లైట్ల మనిషిని. పెళ్ళికి ముందు నుంచీ అదే పని. లేని సూర్యుణ్ణి పిలిపించి, హాలంతా నమ్మేలా తెల్లవారజేసి, పని కాగానే పంపించేసే ఉద్యోగం. అలాంటివాడికి సొంత ఇంట్లో ఒక నిమ్మ మొక్కకు తెల్లవారజేయడం చేతకాదా అని పౌరుషం వచ్చింది. హాలు స్టోరులో మూలన పడి ఉన్న ఫోకస్ లైటు తెచ్చి మొక్క మీదికి తిప్పాను. చూడటానికి మహా గొప్పగా ఉంది, కథానాయిక ప్రవేశంలా. మధ్యాహ్నానికి ఆ వైపు ఆకులన్నీ కమిలిపోయాయి.

మా ఆవిడ వచ్చి చూసింది. "మీ నటులు దీని కింద ఎలా నిలబడుతున్నారో పాపం," అంది.

ఎన్నాళ్ళకు విన్నాను ఆమె గొంతులో ఎగతాళి. అది ఇంకోసారి వినడం కోసమైనా అసలు సిసలైన మొక్కల దీపం కొనాలి.

జనవరి 14

ఇళ్ళలో తోటలు పెంచేవాళ్ళ కోసం దీపాలు అమ్మే షాపు ఒకటి రైలు స్టేషను వెనకాల ఉంది. లోపల కౌంటరు పక్కనే ఒక మిరప మొక్క దీపం కింద ఏపుగా పెరిగి పైకప్పును పొడుస్తోంది. షాపాయన మంచి మాటకారి. ఆ మిరప పైనున్న బల్బును తిన్నగా ప్లగ్గులో పెడితే పేలి ఊరుకుంటుందని, మధ్యలో బ్యాలస్ట్ అనే పెట్టె ఉండాల్సిందేనని చెప్పాడు. లోపలికి వచ్చే కరెంటుకు కళ్ళెం వేసేది అదేనట. నాలుగు వందల వాట్ల బల్బుకు నాలుగు వందల వాట్ల బ్యాలస్టే పెట్టాలి. పెద్దదైతే బల్బు మాడుతుంది, చిన్నదైతే వెలగనని మొరాయిస్తుంది. ఇందులో సగం నాకు తెలిసిందే. కానీ ఆయన అంత ఇష్టంగా చెబుతుంటే అడ్డు తగలబుద్ధి కాలేదు.

తర్వాత మూడు రకాలు వెలిగించి చూపించాడు. మొదటిది ఎల్ఈడీ పలక, గులాబీ రంగు. దాని కింద ఆయన దెయ్యాల నాటకంలో దెయ్యంలా ఉన్నాడు. రెండోది సోడియం, ముదురు పసుపు. ఆయనకు కామెర్లు వచ్చినట్టుంది. మూడోది మెటల్ హాలైడ్. తెల్లగా, తేటగా ఉంది. దాని కింద ఆయన చొక్కా మీది టీ మరక కూడా ముచ్చటగా కనిపించింది.

"కొంచెం ఇటు తిరగండి. గడ్డం పైకెత్తండి," అన్నాను.

తిరిగాడు, ఎత్తాడు. అప్పటికి గానీ అనుమానం రాలేదు ఆయనకు. "సార్, మొక్కలకు అందం చూసుకునే అలవాటు లేదండి. ఇంతకీ మీరు పెంచేదేంటి?"

"నిమ్మ."

"పూత, కాయ కావాలంటే సోడియం తీసుకెళ్ళండి. ఆకు, కొమ్మ బాగా రావాలంటే ఈ తెల్లది. ఇది అచ్చం ఎండలాంటిది సార్. ఎండలో ఉండేవన్నీ ఇందులో ఉంటాయి."

అచ్చం ఎండలాంటిదట. దారి పొడవునా ఆ మాటే నెమరు వేసుకుంటూ వచ్చాను.

జనవరి 15

తెల్లదే తీసుకుంటాను. నిమ్మకు ఇప్పుడు కావలసింది ఆకులు. ఆకులకు తెల్లది మంచిదని షాపాయనే చెప్పాడు. ఇందులో ఇంకో ఆలోచనేమీ లేదు.

మరదలు ఫోను చేసింది. షాపులో జరిగింది చెబితే పడీ పడీ నవ్వింది. "బావా, నువ్వు మొక్కకు దీపం కొంటున్నావా, అక్కకు మేకప్ లైటు కొంటున్నావా?" అంది. ఈ పిల్ల నోటికి అడ్డూ అదుపూ లేదు. మొక్కకే అని గట్టిగా చెప్పాను. ఇక్కడ కూడా రాసి పెడుతున్నాను. మొక్కకే.

జనవరి 18

దీపం వచ్చింది. బ్యాలస్ట్ ఇనప పెట్టె. ఎత్తేసరికి నడుం పట్టేసింది. తెల్ల బల్బుకైనా పసుపు బల్బుకైనా పనికొచ్చేలా దానికి పక్కన ఒక చిన్న మీట ఉంది. ముందు ముందు మనసు మారితే బల్బు ఒక్కటే మార్చుకోవచ్చని షాపాయన పట్టుబట్టి ఇదే అంటగట్టాడు. నా మనసు మారదు. ఆ మీటతో నాకు పనే లేదు.

వెనక గదిలో నిమ్మకు పైన గొలుసుతో దీపం వేలాడదీశాను. నీళ్ళు చిందితే ప్రమాదమని బ్యాలస్ట్‌ను నేల మీద పెట్టకుండా గోడకు అర కొట్టి, చుట్టూ గాలి ఆడేలా దాని మీద కూర్చోబెట్టాను. తర్వాత వంటింట్లోంచి కుర్చీ తెచ్చి దీపం పక్కన వేశాను. కుర్చీ ఎందుకంటే మొక్కను చూసుకునే మనిషి కూర్చోవాలి కదా.

ఈ దీపం స్విచ్చి నొక్కగానే వెలగదు. ముందు బ్యాలస్ట్ గుయ్యిమంటుంది. తర్వాత బల్బులో ఏదో మసక నీలం కదులుతుంది. ఆపైన మెల్లమెల్లగా వస్తుంది వెలుగు. మా ఆవిడ కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూసింది. వెలుగు వస్తున్నకొద్దీ ఆమె వచ్చింది. ముందు నుదురు, తర్వాత ముక్కు, ఎడమ బుగ్గ మీది చిన్న గుంట. నల్ల తెరలు వేసిన దగ్గర్నుంచీ ట్యూబులైటు కింద బూడిద రంగు మొహం చూస్తున్నాను. ఆ మొహమే అనుకోవడం మొదలుపెట్టాను కూడా. అది కాదు. ఇది.

"అచ్చం ఎండలా ఉందండీ," అంది కళ్ళు మూసుకుని.

షాపాయన అన్న మాటే ఆమె కూడా అంది. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

జనవరి 25

నిమ్మ చిగురు వేసింది. మరదలు టమాటా మొక్కను తిరిగి తెచ్చిచ్చింది, తన దగ్గర బెంగ పెట్టుకుందట. అన్నీ వంకలే, అక్కను చూసి పోవడానికి.

మా ఆవిడ రోజులో చాలా భాగం ఆ గదిలోనే ఉంటోంది. పుస్తకం అక్కడే, కూరగాయలు తరగడం అక్కడే. నేను హాలు నుంచి రాగానే తిన్నగా అక్కడికే పోతాను. కుర్చీని కాస్త ఎడమకు జరపమంటాను. వెలుగు పక్క నుంచి పడితే ఆమె మొహానికి బాగుంటుంది. "మీ రిహార్సలు అయ్యిందా, నేను లేవచ్చా?" అంటుంది. లేవదు.

ఫిబ్రవరి 1

ఆమె బుగ్గల్లో రంగు తిరిగింది. మనిషి కోలుకుంటోంది.

ఫిబ్రవరి 4

పొద్దున వేళ్ళు నొప్పిగా ఉన్నాయంది. సీసా మూత నేను తీసిచ్చాను. చలికి అయి ఉంటుంది. మొహం మీద కాస్త దురద కూడా ఉందట. కొత్త సబ్బు మొదలుపెట్టాం కదా. పాతది తెచ్చాను.

ఫిబ్రవరి 8

సబ్బు కాదు. దుప్పటి ఉన్నిది, అదే అయి ఉంటుంది. మార్చాను.

ఫిబ్రవరి 11

టమాటా పూసింది. ఇంట్లో తేనెటీగలు ఉండవు కాబట్టి పువ్వు లోపల మనమే కదిలించాలట, లేకపోతే కాయ కట్టదట. హాల్లో మేకప్ ఆవిడను అడిగి పౌడరు బ్రష్ ఒకటి తెచ్చాను. "టమాటాకు మేకప్పా?" అని ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

మా ఆవిడ బ్రష్ పట్టుకోబోయింది. వేళ్ళు ముడుచుకోలేదు, వాచి ఉన్నాయి. నేను పట్టుకుంటే నా మణికట్టు పట్టుకుని ఒక్కో పువ్వు దగ్గరికీ నడిపించింది. అంత దగ్గరగా ఉంది మొహం. రెండు బుగ్గల మీదా, ముక్కు మీదుగా, ఎర్రటి మచ్చ. తెల్ల వెలుగులో ఎరుపు ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది. ఆ సంగతి నాకు వృత్తిరీత్యా తెలుసు.

ఫిబ్రవరి 12

డాక్టరమ్మ ఎల్లుండి రమ్మంది. అందాకా ఆగకుండా రేపే వెళదామన్నాను. ఎందుకూ అంది. ఊరికే అన్నాను.

ఫిబ్రవరి 13

డాక్టరమ్మ కళ్ళద్దాలు పైకి తోసి మొహం చూసింది. వేళ్ళు నొక్కి చూసింది.

"ఎండలోకి వెళ్ళారా?"

"గుమ్మం కూడా దాటలేదండి," అంది మా ఆవిడ.

"కిటికీలు?"

"నల్ల తెరలు వేశాం," అన్నాను నేను.

"మరి ఇంట్లో కొత్త లైట్లు ఏమైనా పెట్టారా?"

నేను నోరు తెరిచే లోపే మా ఆవిడ అంది, "లేవండి."

నేను ఆమె వైపు తిరిగి చూశాను. ఆమె గోడ మీది క్యాలెండరు చూస్తోంది. ఈమె అబద్ధం ఆడగా నేనెప్పుడూ చూడలేదు. అందుకే కాబోలు ఆడటం కూడా సరిగా రాలేదు, చెవులు ఎర్రబడ్డాయి. నేనే చెప్పేశాను.

"ఉందమ్మా. మొక్కల కోసం మెటల్ హాలైడ్ దీపం పెట్టాను. ఈమె రోజంతా దాని కిందే కూర్చుంటుంది. నేనే కుర్చీ వేశాను."

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఎండలో ఈ జబ్బుకు పడనిది ఏదైతే ఉందో, అది ఆ రకం దీపంలోంచి కూడా వస్తుందని నెమ్మదిగా చెప్పింది. రక్తానికీ మూత్రానికీ పరీక్షలు రాసింది. కిడ్నీల దాకా వెళ్ళిందో లేదో అవి వస్తేగానీ తెలియదంది.

బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. గొడుగు మూసి ఉన్నా ఆమె దాని పిడి వదల్లేదు.

ఇంటికి వచ్చాక అడిగాను. "నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మొదటి వారంలోనే. చర్మం చెబుతుంది కదండీ."

"తెలిసి ఎలా కూర్చున్నావు? ఏమవుతుందో డాక్టరమ్మ అంత వివరంగా చెప్పాక కూడా?"

ఒక చెప్పు పట్టీ విప్పుకుంటూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"జబ్బు వచ్చిన దగ్గర్నుంచీ మీరు నన్ను చూడటం మానేశారు. మాత్రలు చూస్తారు, రిపోర్టులు చూస్తారు, చేతుల మీద దద్దుర్లు వచ్చాయేమో చూస్తారు. ఆ దీపం పెట్టిన రోజు మళ్ళీ నన్ను చూశారు. కుర్చీ ఎడమకు జరుపు, కుడికి జరుపు అంటూ. అది పోగొట్టుకోబుద్ధి కాలేదు. కాస్త మండితే మండనీ అనుకున్నాను."

నేను నేల మీద కూర్చుని ఆ రెండో చెప్పు పట్టీ విప్పాను. విప్పుతూ ఏడ్చాను. ఆమె నా తల మీద చెయ్యి వేసింది. ఆ వాచిన చెయ్యే.

ఫిబ్రవరి 14

దీపం ఆర్పేశాను. గొలుసు విప్పి, బల్బు తీసి, అట్టపెట్టెలో పెట్టాను. పారేస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. నిమ్మ చీకట్లో ఉంది. "తప్పు మనది. దానికెందుకు శిక్ష?" అంది.

మనది అంది.

ఫిబ్రవరి 15

రిపోర్టు రాలేదు.

ఫిబ్రవరి 16

రాలేదు. హాల్లో సాయంత్రం వెలగాల్సిన చోట రాత్రి వెలిగించాను. దర్శకుడు అరిచాడు. అరవనీ.

ఫిబ్రవరి 17

కిడ్నీలు బాగానే ఉన్నాయి.

ల్యాబు మెట్ల మీద కూర్చుని ఆ కాగితం మళ్ళీ మళ్ళీ చదివాను. మరదలు నా భుజం మీద చెయ్యి వేసి, "బావా, లే, దారిలో కూర్చున్నావు, జనం తొక్కుతారు," అంది. తన కళ్ళూ తడిగానే ఉన్నాయి. అంచు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాం. మందు పెంచారు. దద్దుర్లు తగ్గడానికి కొన్ని వారాలు పడుతుందట.

డాక్టరమ్మను మొహమాటం లేకుండా అడిగేశాను, ఏ దీపం అయితే ఫరవాలేదని. దీపాల సంగతి తనకు పూర్తిగా తెలియదంది. ఆ పడని కిరణాలు బాగా తక్కువ ఉన్నది చూసుకోవాలి, ముందు వాటిని ఆపే మందపాటి గాజు ఉండాలి, దూరంగా కూర్చోవాలి, నిండు చేతుల జాకెట్టు వేసుకోవాలి, ప్రతి వారం చర్మం చూపించాలి. ఏ చిన్న మచ్చ కనబడినా దీపం తీసెయ్యాలి. అన్నిటికీ బుద్ధిగా తలూపాను.

ఫిబ్రవరి 19

షాపుకు వెళ్ళాను. పోట్లాడదామనే వెళ్ళాను. విషయం విని షాపాయన మొహం పాలిపోయింది. స్టూలు లాగి నన్ను కూర్చోబెట్టాడు.

"సార్, మొక్క కోసం అన్నారు. మొక్క కోసం ఏది మంచిదో చెప్పాను. ఒక మనిషి కోసం అని ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను ఆ తెల్లది మీ చేతికి ఇచ్చేవాణ్ణే కాదు."

ఆయన అన్నది నిజం. ఎవరికీ చెప్పలేదు నేను, ఈ పుస్తకానికి కూడా.

సోడియం బల్బు తీసిచ్చాడు. ఉన్నవాటిలో ఆ బెడద బాగా తక్కువ ఉన్నది ఇదేనన్నాడు. దీపం ముందు బిగించడానికి ఆ కిరణాలను ఆపే గాజు పలక కోయించి ఇచ్చాడు. ఎల్ఈడీ కూడా ఫరవాలేదట. కానీ ఆ గులాబీ దెయ్యాన్ని ఇంటికి తీసుకెళ్ళలేను. బ్యాలస్ట్ పాతదే సరిపోతుంది, పక్కన మీట ఒక్కటి మార్చుకోవాలన్నాడు. అవసరమే లేదనుకున్న మీట.

ఫిబ్రవరి 22

బిగించాను. కుర్చీని గదికి ఈ చివర వేశాను. బ్యాలస్ట్ గుయ్యిమంది, బల్బు మసగ్గా మొదలై మెల్లగా పసుపెక్కింది. గదంతా ఎండుటాకు రంగు. నిమ్మ ఆకులు గోధుమరంగులో కనబడుతున్నాయి. మా ఆవిడ నిండు చేతుల జాకెట్టు వేసుకుని కూర్చుంది. మచ్చలు ఆ వెలుగులో కనబడవు. బుగ్గ మీది గుంట కూడా కనబడదు. పాత ఫొటోలో మనిషిలా ఉంది.

"బాగాలేదు," అన్నాను. ఎంత దాచుకుందామన్నా గొంతులో తెలిసిపోయింది.

"నాకు బాగుంది. సాయంత్రంలా ఉంది. ఆ మోత కూడా బాగుంది, ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టు." తర్వాత, "ఇంకో కుర్చీ తెచ్చుకోండి," అంది.

"నేనెందుకు?"

"తెచ్చుకోండి. ఎప్పుడూ దీపం వెనకే నిలబడతారు మీరు. ఇటు రండి."

నిజమే. స్టేజీకి ఎదురుగా, చీకటి గదిలో, మీటల ముందు గడిచింది నా ఉద్యోగమంతా. ఒకరు చూడటానికని వెలుగులో కూర్చోవడం నాకు అలవాటు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని తీరిగ్గా చూసింది.

"కొంచెం ఎడమకు తిరగండి."

తిరిగాను.

"కనుబొమలు ఎప్పుడు నెరిశాయి మీకు?"

"ఈ వెలుగులో అలా కనబడతాయి."

"వెలుగు మీద పెట్టకండి," అని నవ్వింది. "నేనూ చూడలేదు మిమ్మల్ని. నా నొప్పులే చూసుకున్నాను."

మార్చి 8

టమాటా కాయ కట్టింది. గోళీ అంత. ఏ రంగో ఈ దీపం కింద చెప్పలేం. ఆమె కొత్త పువ్వులకు బ్రష్ ఆడించి, అదే బ్రష్ నా ముక్కుకు రాసింది. వేళ్ళు ఇప్పుడు ముడుచుకుంటున్నాయి. పొద్దున ట్యూబులైటు కింద చూశాను, మచ్చలు పలచబడ్డాయి. మచ్చలతో పాటు మిగతా మొహం కూడా చూశాను. చూస్తున్నానని చెప్పి మరీ చూశాను.

మార్చి 15

హాలుకు సెలవు. సాయంత్రమంతా వెనక గదిలోనే ఉన్నాం. నిమ్మకు మొగ్గలు రెండు. నాకు కనబడలేదు, ఆమె వేలు పెట్టి చూపించింది. ఆ వేలు కాసేపు నా చేతిలోనే ఉంది.

ఈ దీపానికి టైమరు పెట్టాను కాబట్టి ఆర్పడానికి నేను లేవక్కర్లేదు. దాని వేళకు అదే ఆరిపోయింది. బ్యాలస్ట్ మోత కూడా ఆగింది. నల్ల తెరల వల్ల గది పూర్తిగా చీకటైంది. ఎవరమూ లేవలేదు.

కాసేపటికి ఆమె గొంతు వినబడింది. "ఇంకా ఇటే తిరిగి ఉన్నారు కదూ. చీకట్లో ఏం చూస్తున్నారు?"

"నిన్నే," అన్నాను.